పేకాటలో ‘డ్రాప్’ - కాసినోలో ‘సరెండర్’

మీరు తెలంగాణ నుంచి సూరత్ వెళ్ళి మరమగ్గాల మీద పనిచేస్తున్నారనుకుందాం. శ్రావణమాసంలో కృష్ణాష్టమి రోజుల్లో గుజరాత్‌లో పేకాట దాదాపు ఆచారంలా సాగుతుంది. (డబ్బు పెట్టి ఆడితే మాత్రం 1887 నాటి జూద నిరోధక చట్టం కింద నేరమే.) సరదాకు రమ్మీలో కూర్చున్నారు. చేతికొచ్చిన 13 ముక్కల్లో జోకరు లేదు, వరస లేదు. అప్పుడేం చేస్తారు? ముక్క తీయకముందే ‘డ్రాప్’ అంటే 20 పాయింట్లు, మధ్యలో అంటే 40, పట్టుబట్టి కూర్చుంటే 80 దాకా పోవచ్చు. 20తో బయటపడ్డవాణ్ణి పిరికివాడని ఎవరూ అనరు.

బ్లాక్‌జాక్ అనే కాసినో ఆటలో ‘సరెండర్’ ఇలాంటిదే. సూరత్‌లో కాసినోలు లేవు. గోవాలో మాండవి నది మీద ఓడల్లో ఉన్నాయి. ఈ ఆటలో ముక్కల మొత్తం 21 దాటకుండా డీలరును మించాలి. మొదటి రెండు ముక్కలు చూసి, సరెండర్ ఉన్న బల్లల దగ్గర, పందెంలో సగం వదులుకుని తప్పుకోవచ్చు.

ఎప్పుడు తప్పుకోవాలి? లెక్క చూడండి. పందెం 100 రూపాయలు. తప్పుకుంటే 50 పోతాయి. ఆడితే, 100 సార్లలో 25 గెలిచి 75 ఓడినా, సగటున పోయేది అదే 50. కాబట్టి గెలిచే అవకాశం నాలుగో వంతుకన్నా తక్కువైతేనే సరెండర్ మేలు. మీ చేతిలో 16, డీలరు ముందు 10 ఉన్నాయనుకోండి. అక్కడే ఆగితే 100కు సుమారు 23 సార్లే గెలుస్తారు. సగటు నష్టం 54. తప్పుకుంటే 4 రూపాయలు మిగిలినట్టే. 15 ఉంటే మిగిలేది అర్ధరూపాయి. అదే 17 అయితే ఆడటమే మంచిది. ఆ 16 రెండు ఎనిమిదులైతే విడదీసి ఆడాలి, నష్టం 48కి తగ్గుతుంది.

ఇంకో మెలిక ఉంది. డీలరుకు బ్లాక్‌జాక్ పడిందేమో చూసుకున్నాకే తప్పుకోనిస్తే అది ‘లేట్ సరెండర్’. చూడకముందే తప్పుకోనిస్తే ‘ఎర్లీ సరెండర్’. అమెరికాలోని అట్లాంటిక్ సిటీలో 1978లో ఈ రెండోది ఉండేది. ఆటగాళ్ళకు మరీ అనుకూలం కావడంతో 1981లో తీసేశారు.

ఇప్పుడు చాలాచోట్ల ఉన్నది మొదటిదే. దాన్ని తప్పులేకుండా వాడినా, 100 రూపాయల పందేనికి కాసినో లాభంలో తగ్గేది పది పైసలు కూడా ఉండదు.