మందుకు లొంగెడి చెవుడు

లోచెవి చెడి వచ్చిన చెవుడునకు మందు లేదనియు, చెవికి యంత్రము తగిలించుకొని కాలము వెళ్ళబుచ్చుటయే గతి యనియు జనసామాన్యములోనే గాక వైద్యులలో సైతము చిరకాలముగా ఒక నిశ్చయము వేళ్ళూని యున్నది. చాలవరకు అది సత్యమే. లోచెవిలోని కర్ణావర్తమున శబ్దమును గ్రహించెడి రోమకణములు ఒకసారి నశించినచో మానవదేహము వానిని మరల సృజింపజాలదు. కాని 1979లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయమున కర్ణవైద్యుడైన బ్రయన్ మెక్‌కేబ్ 18 మంది రోగుల వృత్తాంతమును ప్రకటించి, కొలది వారములలోనో నెలలలోనో రెండు చెవుల వినికిడియు క్షీణించిన వారికి స్టెరాయిడ్లును, రోగనిరోధకశక్తిని అణచు మందులును ఇచ్చినచో వినికిడి మెరుగుపడగలదని చూపినప్పుడు, ఆ నిశ్చయమునకు ఒక మినహాయింపు కలదని వైద్యలోకమునకు తెలియవచ్చెను.

సూక్ష్మజీవులనుండి దేహమును కాపాడవలసిన రోగనిరోధకశక్తియే, ఈ వ్యాధియందు, లోచెవి ధాతువులను పరాయివిగా ఎంచి వానిపై దాడి సాగించును. రక్తమునకును లోచెవికిని నడుమ ప్రకృతి దృఢమైన అడ్డు నిర్మించియుండుటచేత ఇట్టి కలహము అచ్చటికి చేరదని పూర్వము తలచెడివారు. అయితే లోచెవి ద్రవముతో సంబంధము గల ఒక చిన్న సంచియందు రక్షకకణములు చేరుననియు, ఆ వాపు కర్ణావర్తమునకు వ్యాపించుననియు జంతువులపై జరిపిన పరిశోధనలు వెల్లడించినవి. వాపు దశలో రోమకణములు ఇంకను బ్రదికియే యుండవచ్చును గనుక మందునకు అవకాశమున్నది. అవి నశించిన పిమ్మట లేదు.

లోచెవి చెవుడు గల నూరుగురిలో ఒక్కరికైనను ఈ వ్యాధి యుండదు. నడివయస్సు స్త్రీలలో కొంత అధికము. వార్ధక్యపు చెవుడు ఏండ్ల తరబడి మెల్లగా ముదురును. హఠాత్తుగా వచ్చు చెవుడు మూడు దినములలోపల వచ్చి తరచుగా ఒక్క చెవికే పరిమితమగును. ఇది ఆ రెంటికిని నడిమిది. మొదట ఒక చెవిలో హోరు పుట్టును; ఫోనును రెండవ చెవికి మార్చుకొనుట అలవాటగును; కొన్ని వారములకు ఆ చెవియు మందగించును. శబ్దము వినబడుచున్నదిగాని మాట తెలియుటలేదని రోగి వాపోవును. సుమారు సగము మందికి తలతిరుగుడు తోడగును. ఇట్టి రోగి గులిమి తీయించుకొనుచు, చుక్కల మందులు మార్చుకొనుచు మూడు నెలలు పోగొట్టుకొనుట కంటె శోచనీయమైనది మరియొకటి లేదు. కర్ణభేరి నిక్షేపముగా నున్నను లోపల నాశము సాగుచునే యుండును.

దీనిని నిశ్చయముగా పట్టియిచ్చు రక్తపరీక్ష నేటికిని లేదు. అందుచేత వినికిడి పటమైన ఆడియోగ్రామే ప్రధాన సాక్ష్యము. శబ్దము చొరని గదిలో రోగిని కూర్చుండబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, అతిసూక్ష్మమైన ధ్వని వినబడినప్పుడెల్ల మీట నొక్కుమందురు. కుడి చెవికి ఎఱ్ఱని సున్నలును, ఎడమ చెవికి నీలపు ఇంటూ గుర్తులును పడెడి ఆ పటములను కొన్ని వారముల యెడముతో తీయించి పక్కపక్కన పెట్టి చూడవలెను. ఒక పౌనఃపున్యమున 15 డెసిబెల్లు గాని, రెంట 10 చొప్పున గాని వినికిడి తగ్గినచో వ్యాధి ముదురుచున్నదని గ్రహింతురు. శ్రవణనాడిపై గడ్డ లేదని ఎమ్.ఆర్.ఐ. చేతను, సిఫిలిస్ లేదని రక్తపరీక్షచేతను నిర్ధారించుకొని, క్షయకు వాడెడి స్ట్రెప్టోమైసిన్ వంటి మందులేవైన పూర్వము పుచ్చుకొనిరేమో విచారింతురు. కీళ్ళు, చర్మము, కన్నులు కూడ పరీక్షింపవలెను. ఏలయన కొందరిలో లూపస్, కీళ్ళవాతము వంటివి దీనికి తోడై యుండును. బోస్టన్ నేత్రవైద్యుడు డేవిడ్ కోగన్ 1945లో వర్ణించిన వ్యాధిలో కంటి కార్నియా వాపును, చెవుడును, తలతిరుగుడును కలిసి వచ్చును.

విశేషమేమనగా, ఇచ్చట చికిత్సయే రోగనిర్ణయమునకు కూడ తోడ్పడును. రోజుకు 60 మిల్లీగ్రాముల వరకు ప్రెడ్నిసోలోన్ అను స్టెరాయిడ్‌ను నాలుగు వారములు ఇచ్చి మరల ఆడియోగ్రామ్ తీయుదురు; సుమారు పదిమందిలో ఆరుగురికి మెరుగు కనబడును. అట్టివారికి మాత్రలను నెలల తరబడి మెల్లమెల్లగా తగ్గింతురు. తగ్గించుకొలది వినికిడి మరల పడిపోవుటయే ఈ వ్యాధిలోని క్రూరత్వము. మరి స్టెరాయిడ్ సామాన్యమైన మందు గాదు: రక్తములో చక్కెరను, రక్తపోటును పెంచును, ఎముకలను గుల్లచేయును, దేహమున అణగియున్న క్షయను రేపును. మన దేశమున ఈ చివరి ముప్పు అల్పము గాదు గనుక మందు మొదలిడుటకు మునుపే క్షయ పరీక్ష చేయించుట అవశ్యము. రోగి తనంతట తాను హఠాత్తుగా మానివేయుటయు ప్రమాదమే. స్టెరాయిడ్ వలన వచ్చిన మెరుగును నిలుపునన్న ఆశతో ప్రయోగించిన మెథోట్రెక్సేట్ అను రోగనిరోధకశక్తిని అణచు మందు, 2003లో వెలువడిన పరిశోధనలో, మందు లేని ఉత్తి మాత్ర కంటె అధికముగా మేలు చేయలేదు. స్టెరాయిడ్‌కు లొంగనివారిలో కొందరికి అనకిన్రా అను సూదిమందు ఉపకరించినట్లు 2014లో ఒక చిన్న పరిశీలన తెలిపినది. మాత్రలు పడనివారికి కర్ణభేరి గుండ సూదితో స్టెరాయిడ్‌ను మధ్యచెవిలోనికి ఎక్కించు పద్ధతియు కలదు.

ఇన్నిటికిని లొంగక వినికిడి పోయినవారికి, కర్ణావర్తములోనికి ఎలక్ట్రోడును పంపి శ్రవణనాడిని ప్రేరేపించు కాక్లియర్ ఇంప్లాంట్ మిగిలియున్నది. శ్రవణనాడి సాధారణముగా చెడదు గనుకను, రోగులు మాటలు వినుచు పెరిగినవారే గనుకను ఫలితములు తరచుగా సంతృప్తికరముగా నుండును. కాని దీర్ఘకాలపు వాపువలన కర్ణావర్తపు మార్గము నారతోను, ఎముకతోను పూడుకొనిపోవుట కలదు. అప్పుడు ఎలక్ట్రోడును లోనికి పంపుట దుష్కరమగును. ఆ కారణముచేత మందులపై ఆశ సన్నగిల్లిన వెంటనే సి.టి., ఎమ్.ఆర్.ఐ. తీయించి, మార్గము తెరచియుండగనే శస్త్రచికిత్స విషయము వైద్యునితో తేల్చుకొనవలెను.