పెద్ద ఛార్జరు చిన్న ఫోన్‌ను మాడ్చేస్తుందా?

లాప్‌టాప్‌కు వాడే 65 వాట్ల ఛార్జరును ఫోన్‌కు తగిలిస్తే, ఫోన్ మాడిపోతుందని కొందరు భయపడతారు. ఇది నిజమేనా?

నీళ్ల ట్యాంకును చూడండి. అది ఎంత పెద్దదైనా కుళాయి తిప్పినంత మేరకే నీరు వస్తుంది. కాని ట్యాంకును మరీ ఎత్తున పెడితే ఒత్తిడి పెరిగి గొట్టం పగలవచ్చు. ఛార్జరు మీద రాసిన ఆంపియర్లు ట్యాంకు పరిమాణం వంటివి. ఎంత కరెంటు తీసుకోవాలో ఫోనే నిర్ణయిస్తుంది. వోల్టేజి మాత్రం ట్యాంకు ఎత్తు వంటిది. అది హద్దు మీరితేనే ప్రమాదం.

అందుకే యు.ఎస్.బి. ప్రమాణంలో ఒక కట్టుబాటు ఉంది. టైప్-సి తీగ తగిలించినప్పుడు ఛార్జరు మొదట 5 వోల్టులే ఇస్తుంది. తర్వాత, తాను ఇవ్వగల 9, 15, 20 వోల్టుల వివరాలను ఒక ప్రత్యేకమైన తీగ ద్వారా ఫోన్‌కు తెలుపుతుంది. ఫోన్ తనకు తగినది కోరుతుంది. ఆ తర్వాతే వోల్టేజి పెరుగుతుంది. ఈ భాష తెలియని పాత పరికరానికి 5 వోల్టులే అందుతాయి.

వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు వస్తాయి. యు.ఎస్.బి. 2.0లో 5 వోల్టులు, 0.5 ఆంపియర్లు; అంటే 2.5 వాట్లు. 2021 నాటి ప్రమాణంలో 48 వోల్టులు, 5 ఆంపియర్లు. అంటే 240 వాట్లు!

కనుక ఛార్జరు పెద్దదని జంకనక్కరలేదు. కట్టుబాటు పాటించని నాసిరకం ఛార్జరును మాత్రం దగ్గరకు రానీయకండి.