అమ్మకు పొద్దు చాలని ఇంట్లో

"ఏమ్మా, మూడు ఆదివారాలుగా గుడిలో కనబడలేదు?"

"మిరపకోతలండీ అమ్మగారూ. పొద్దు చాలటల్లేదు."

జనవరి మొదలు ఏప్రిలు వరకు గుంటూరు, ప్రకాశం నల్లరేగడి పల్లెలలో ఏ పాస్టరమ్మగారు అడిగినా వినబడే జవాబు ఇదే. అంతకు ముందు నెలలలో పత్తి తీతలు. పత్తి తీత ముగియకముందే మిరప పండుతుంది. రెండింటి నడుమ తల్లికి ఊపిరి సలపదు. ఈ మాటను సాకుగా కొట్టివేయుట తేలికే. కాని ప్రియ సహోదరీ సహోదరులారా, ఒక్కసారి ఆ తల్లి దినమును లెక్కవేసి చూద్దాము.

తెల్లవారుజామున నాలుగు గంటలకు లేస్తుంది. వాకిలి చిమ్మి, నీళ్లు పట్టి, అంట్లు తోమి, గేదె కింద పేడ తీసి, పాలు పితికి, అన్నమూ కూరా వండి, అందరి క్యారేజీలు సర్ది, ఆరున్నరకల్లా కూలీల ఆటో దగ్గర ఉండాలి. ఆటో ఎవరి కోసమూ ఆగదు. పగలంతా వంచిన నడుము ఎత్తకుండా కాయ కోసి, సాయంత్రము ఇల్లు చేరితే మళ్లీ నీళ్లు, మళ్లీ పొయ్యి, మళ్లీ అంట్లు. సొంత చేను ఉన్న తల్లికైతే కల్లములో కాయ తిరగవేయుట, తాలు కాయ ఏరుట అదనము. రాత్రి పది గంటలకు ప్రార్థన పెదవుల మీద ఉండగానే నిద్ర ముంచుకొస్తుంది.

ఇది మన పల్లెల మాట మాత్రమే కాదు. భారత ప్రభుత్వము 2019లో ప్రజలు దినములో ఏ పనికి ఎంత సమయము పెడుతున్నారో దేశమంతట సర్వే చేయించినది. జీతము లేని ఇంటి పని చేసే స్త్రీలు అందులో దినమునకు సగటున 299 నిమిషములు, అంటే ఇంచుమించు అయిదు గంటలు గడుపుతున్నారని తేలినది. ఆ పని చేసే పురుషులు గడిపినది 97 నిమిషములు. అసలు ఆ పని ముట్టుకొన్న పురుషులు నూటికి 26 మంది మాత్రమే. 2024లో మళ్లీ సర్వే జరిగినప్పుడు స్త్రీల లెక్క 289 నిమిషములు, పురుషులది 88. అయిదేళ్లలో తల్లికి దొరికిన విడుదల పది నిమిషములు!

ఆ లోటు ఎవరు తీరుస్తున్నారు?

దేవుడు ప్రతివారికి ఇచ్చినది ఇరవైనాలుగు గంటలే. తల్లి నెత్తిన అంతకు మించిన పని ఉంటే ఆ మిగిలిన గంటలు ఎక్కడో ఒకచోట నుండి రావాలి గదా! కొన్ని ఆమె నిద్రలో నుండి వస్తున్నవి. కొన్ని ఆమె ప్రార్థనలో నుండి వస్తున్నవి. చాలా ఇండ్లలో మాత్రము అవి పెద్దమ్మాయి చదువులో నుండి వస్తున్నవి.

"ఈ ఒక్కరోజుకు బడి మానమ్మా, తమ్ముణ్ణి చూసుకో" అంటాము. ఒక్కరోజు వారమవుతుంది. వారము కోతలన్నీ అయ్యేవరకు సాగుతుంది. తిరిగి బడికి వెళ్లిన పిల్లకు పాఠము అందదు. అందక సిగ్గుపడి మానేస్తుంది. మిరపకోతలు ముమ్మరముగా సాగేదీ మార్చిలోనే, పదో తరగతి పరీక్షలు వచ్చేదీ మార్చిలోనే అని మనకు తెలియనిది కాదు. ఆరు నుండి పద్నాలుగేళ్ల పిల్లలందరికీ చదువు హక్కు అని 2009లో చట్టము వచ్చినది. చట్టము బడి తలుపు తెరచి ఉంచగలదు గాని, ఇంట్లో అంట్లు తోమి ఆ పిల్లను పంపలేదు. అది మనము చేయవలసిన పని.

కాబట్టి తల్లి సమయము అనేది తల్లి ఒక్కతె సమస్య కాదు. తల్లి ఇంకా వేగముగా పరుగెత్తితే ఇది తీరదు. పని పంచుకొంటేనే తీరుతుంది.

వాక్యము ఏమి బోధిస్తున్నది?

నిర్గమకాండము 18వ అధ్యాయములో మోషే ఉదయము మొదలు సాయంత్రము వరకు ఒక్కడే కూర్చుండి ప్రజలకు తీర్పు తీర్చుచుండగా, ఆయన మామ యిత్రో చూచి ఊరకుండలేదు. ఇలా చేస్తే నీవూ, నీతో ఉన్న జనులూ నలిగిపోతారని చెప్పి, భారమును పదిమందికి పంచే ఏర్పాటు చూపించాడు. మోషే అంతటివాడు కోపపడక ఆ మాట విన్నాడు. గమనించండి, ఇక్కడ అల్లుని అలసటను ముందుగా కనిపెట్టినది మామగారు. మన ఇండ్లలో కోడలి అలసటను ముందుగా కనిపెట్టే అత్తగారు ఉంటే ఆ ఇల్లు ధన్యము.

సామెతలు 31వ అధ్యాయములోని గుణవతియైన భార్యను మనము పెళ్లిళ్లలో ఎంతగానో పొగడుతాము. ఆమె చీకటితోనే లేస్తుందని చెబుతాము. అదే 15వ వచనములో ఆమె తన పనికత్తెలకు పని పంచి ఇచ్చుట కూడ ఉన్నది. దానిని మాత్రము విడిచిపెడతాము. ఆ తల్లి కూడ అన్నీ ఒంటిచేత్తో చేయలేదు.

మార్తను గూర్చి కూడ ఒక మాట. లూకా 10వ అధ్యాయము చదివి, పనిచేసే తల్లులను మార్తలని ఎగతాళి చేయుట న్యాయము కాదు. యేసు మార్తను ప్రేమించెనని యోహాను 11వ అధ్యాయము సాక్ష్యమిస్తున్నది. వంట చేసినందుకు ప్రభువు ఆమెను తప్పు పట్టలేదు. అనేకమైన పనులు ఆమె మనస్సును చీల్చివేయుట చూచి జాలిపడ్డాడు.

ఇంట్లో అమర్చుకోవలసినవి

1. పనులు పంచుకోండి. ఒక ఆదివారము ఆరాధన తరువాత ఇంటిల్లిపాది కూర్చుని, ఇంట్లో జరిగే పనులన్నిటిని ఒక కాగితము మీద వ్రాయండి. ప్రతి పని ఎదుట దానిని ఎవరు చేస్తున్నారో వ్రాయండి. ఇరవై పనులలో పదహారింటి ఎదుట "అమ్మ" అని ఉంటే, మాటలతో చెప్పనక్కరలేకుండానే అందరికీ అర్థమవుతుంది. నీళ్లు పట్టుట, గేదెకు మేత, తెల్లవారి పాలు నాన్న తీసుకోవచ్చు. ఎవరి కంచము వారు కడుగుకోవచ్చు. పక్కలు వేయుట, తీయుట మగపిల్లలు చేయవచ్చు. "అవి ఆడవాళ్ల పనులు" అనే అన్నలకు ఒక్క సంగతి జ్ఞాపకము చేస్తాము. రాత్రంతా వలలు లాగి అలసి వచ్చిన శిష్యుల కొరకు తిబెరియ సముద్రతీరమున నిప్పుల మీద చేపలు సిద్ధము చేసి, భోజనమునకు రమ్మని పిలిచినవాడు పునరుత్థానుడైన ప్రభువే (యోహాను 21). ఆయనకు లేని నామోషీ మనకెందుకు?

2. తెల్లవారి పని రాత్రే మొదలుపెట్టండి. ఉదయము చేసే పనికంటే, ఏమి చేయాలో తోచక చేసే వెదుకులాటే ఎక్కువ సమయము తింటుంది. కూర తరిగి మూత పెట్టుట, పప్పు నానవేయుట, పిల్లల బట్టలూ పుస్తకాల సంచులూ ఒకచోట పెట్టుట, మంచినీళ్ల సీసాలు నింపుట రాత్రి అన్నాలయ్యాక అందరు కలిసి చేస్తే పావుగంట పని. తల్లి ఒక్కతే తెల్లవారి చేస్తే ముప్పావుగంట. కోతల రోజులలో రెండు కూరలు వద్దు. ఒక పప్పు, ఒక పచ్చడి, మజ్జిగ చాలు.

3. గడియారము కన్న ముందు పంట చూచుకోండి. మన ప్రాంతములో తల్లి తీరిక దినమును బట్టి కాదు, పంటను బట్టి ఉంటుంది. కోతలు అయిపోయి తొలకరి పడే వరకు కొంత తెరిపి ఉంటుంది. కారము, పొడులు, ఆవకాయ, బియ్యము బాగుచేసి పోసుకొనుట, పిల్లల యూనిఫారములు, ఆస్పత్రిలో చూపించుకొనుట, కళ్లద్దాలు, బ్యాంకు, ఆధారు పనులు అప్పుడే ముగించుకోండి. కోతల కాలములో పట్టణానికి పోవలసివస్తే చేయవలసిన పనులన్నీ చీటీ వ్రాసుకొని ఒకే ప్రయాణములో పూర్తిచేయండి. ఒక చిన్న పనికి ఒక దినము కూలి పోగొట్టుకొనుట మన ఇండ్లలో తరచుగా జరిగే నష్టము.

4. చంటిపిల్లకు ముందే ఏర్పాటు చేయండి. 1975 నుండి మన దేశములో అంగన్‌వాడీలు ఉన్నవి. మూడేళ్లు దాటిన బిడ్డను కోతలకు ముందే అక్కడ అలవాటు చేస్తే అక్క బడికి పోగలుగుతుంది. అంతకంటె చిన్నబిడ్డ ఉంటే నాయనమ్మగాని, ఇరుగుపొరుగున నమ్మకమైన పెద్దమ్మగాని చూచునట్లు మాట్లాడుకోండి. నలుగురు తల్లులు కలిసి వంతులవారీగా ఒకరు ఇంటివద్ద ఉండి అందరి పిల్లలను చూచి, మిగిలిన ముగ్గురు తమ కూలిలో ఆమెకు పాలు ఇచ్చే పద్ధతి కూడ మంచిదే.

5. చేతులను కాపాడుకోండి. మిరప కోసిన చేతులతో బిడ్డను ఎత్తుకొంటే బిడ్డ ఏడుపు, తల్లి మంట, ఒక గంట కాలము వృథా. మిరప ఘాటు నీళ్లకు కరగదు, నూనెకు కరుగుతుంది. ముందు కొంచెము నూనె చేతులకు బాగా పట్టించి, తరువాత సబ్బుతో కడగండి. పురుగుమందు కొట్టిన చేలోకి కట్టుకొన్న బట్టలను ఇంటి బట్టలతో కలపక వేరుగా ఉతకండి. జబ్బుపడి పోగొట్టుకొనే దినముల ముందు ఈ పది నిమిషములు ఎంత?

6. చేతిలోని ఫోనును గమనించండి. ఒకప్పుడు టీవీ సీరియలు ఒక గంట తీసుకొనేది. ఇప్పుడు ఫోను ఎంత తీసుకొంటుందో తెలియకుండానే తీసుకొంటుంది. ఇది తల్లులకు మాత్రమే చెప్పే మాట కాదు. అమ్మ అంట్లు తోముతుండగా మంచము మీద పడుకొని ఫోను చూచే నాన్నలకూ, అన్నలకూ ముందుగా చెబుతున్నాము.

ప్రభువుతో గడిపే సమయము

"ఇంత పనిలో ప్రార్థనకు సమయమేది?" అని తల్లులు కన్నీళ్లతో అడుగుతారు. మన తాతముత్తాతల చరిత్రలోనే దీనికి జవాబు ఉన్నది. 1876-78 నాటి ఘోరమైన కరువులో ఒంగోలులోని బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ తవ్వకములో కొంత భాగము కంట్రాక్టుగా తీసుకొని, ఆకలిగొన్న వేలాది మందికి కూలి కల్పించారు. మట్టి మోసి అలసినవారు పని నడుమ సేదదీరుటకు కూర్చున్నప్పుడు బోధకులు వారి పక్కనే కూర్చుండి సువార్త చెప్పేవారు. ఆ తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందారు. మన ప్రాంతములో ఎన్నో కుటుంబములకు వాక్యము అందినది తీరిక వేళలో కాదు, కూలి పని నడుమ దొరికిన విరామములో!

కాబట్టి గంటసేపు మోకరించలేకపోతున్నానని దుఃఖపడి అసలే మానుకోవద్దు. తెల్లవారి పొయ్యి వెలిగించే ముందు అయిదు నిమిషములు, మధ్యాహ్నము చేలో గట్టు మీద అన్నము విప్పినప్పుడు ఒక నిమిషము, రాత్రి అందరు కలిసి ఒక చిన్న వాక్యభాగము. ఆటోలో పోయేటప్పుడు పక్కనున్న అక్క కష్టము విని మనస్సులోనే ఆమె కొరకు ప్రార్థించుట కూడ ప్రార్థనే.

పిల్లల విషయములో జాన్ వెస్లీ తల్లి సుసన్నాగారి మాదిరి మనకు ఉన్నది. పందొమ్మిది మంది బిడ్డలను కని, అందులో తొమ్మండుగురిని పసితనములోనే పోగొట్టుకొన్న తల్లి ఆమె. పేదరికము, అప్పులు ఆమెను వదలలేదు. అయినా బ్రతికిన బిడ్డలలో ఒక్కొక్కరితో ఏకాంతముగా మాట్లాడుటకు వారములో ఒక్కొక్క సాయంత్రము ఏర్పరచుకొన్నది. జాన్‌కు దొరికినది గురువారము. మనకు సాయంత్రమంతా దొరకకపోవచ్చు. ఒక్కొక్క బిడ్డకు వారములో పదిహేను నిమిషములు, జడ వేస్తూనో, పక్కన పడుకోబెట్టుకొనో, "ఈ వారము బడిలో ఏమైందమ్మా?" అని అడుగుటకు దొరుకుతుంది.

ఇక విశ్రాంతి. భోజనమునకు కూడ అవకాశము లేని శిష్యులను ప్రభువే ఏకాంతముగా తీసుకొనిపోయి విశ్రమించమన్నాడు (మార్కు 6). నడుము వాల్చిన తల్లిని చూచి సోమరి అనే నోరు ఆ వచనమును ఒకసారి చదవాలి.

సంఘమునకు ఒక మనవి

పాస్టరుగారలకు, పెద్దలకు కూడ ఈ విషయములో బాధ్యత ఉన్నది. కోతల కాలములో పగలు పదకొండు గంటలకు స్త్రీల సమాజ కూటము పెట్టి, రానివారిని చల్లారినవారనుట తగదు. ఆ మూడు నెలలు రాత్రి ఎనిమిదింటికి, వీధిలో ఒకరి వసారాలో, ముప్పావుగంటలో ముగించండి. గుడి ఆవరణలో సాయంత్రము పిల్లలను కూర్చోబెట్టి చదివించుటకు ఇద్దరు యౌవనస్థులు చాలు. కర్నూలు వైపు నుండి కోతలకు వచ్చి చేల గట్ల మీద దిగే కుటుంబముల పిల్లలను కూడ అందులో చేర్చుకోండి. మార్చిలో ఏ ఇంటి ఆడపిల్ల బడి మానినదో కనుక్కొని ఆ ఇంటికి వెళ్లండి. తల్లిని గద్దించుటకు కాదు, ఆ ఇంట్లో ఏ పని పంచుకొంటే పిల్ల తిరిగి బడికి పోగలదో కలిసి ఆలోచించుటకు.

ప్రియమైన తల్లులారా, మీ శ్రమ ప్రభువునకు మరుగై లేదు. ఈ ఆదివారము సాయంత్రము ఆ కాగితము తీసి పనులు వ్రాయండి. అన్నీ ఒక్కసారి మారవు. ఒక పని నాన్న తీసుకొని, ఒక పని అన్న తీసుకొని, సోమవారము తెల్లవారి అమ్మ ఆటో ఎక్కేటప్పటికి పెద్దమ్మాయి జడలు వేసుకొని పుస్తకాల సంచితో బడికి సిద్ధముగా నిలబడితే, ఆ ఇంట్లో సమయము సద్వినియోగమైనట్లే. మన ఇండ్లన్నిటిలో ప్రభువు ఆ కృపను అనుగ్రహించును గాక. ఆమేన్.