చలికాలంలో సుగంధ మొక్కల సంరక్షణ

పావగడ పట్టణానికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలలో అనేకులు సొంతూరి నుండి ఒక తులసి మొక్కనో, మరువపు కొమ్మనో వెంట తెచ్చుకొంటారు. కార్తికంలో పచ్చగా ఉన్న ఆ మొక్క సంక్రాంతి నాటికి ఎండిపోతే చలిని నిందించడం పరిపాటి. నిజానికి ఇక్కడ మంచు గడ్డకట్టేటంత చలి రాదు. మొక్కకు ఎక్కువగా హాని చేసేది మనం పోసే నీరే.

నీరు

చలి నెలలలో పెరుగుదల మందగిస్తుంది. వేళ్ళు తక్కువ నీటినే తీసుకొంటాయి. వేసవిలో వలె ప్రతిదినం పోస్తే మట్టి ఆరక, గాలి అందక వేళ్ళు కుళ్ళుతాయి. అప్పుడు ఆకులు వాడుతాయి. దాహమని భ్రమించి మరింత పోస్తాము. వేలిని రెండు కణుపుల లోతు మట్టిలో గుచ్చి చూసి, పొడిగా ఉంటేనే ఉదయంపూట నీరు పోయాలి.

ఈ తాలూకా బోరు నీటిలో ఫ్లోరైడుతో పాటు ఇతర లవణాలూ ఎక్కువే. కుండీ మట్టిపై తెల్లని పొర కనిపిస్తే దానిని గీకివేయాలి. ఇంటిలోని నీటి శుద్ధి యంత్రం బయటకు వదిలే నీటిలో లవణాలు మరింత చిక్కబడి ఉంటాయి కనుక దానిని కుండీలలో పోయరాదు. వాననీరు పట్టి ఉంచుకొంటే అదే శ్రేష్ఠం.

ఎండ

శీతకాలంలో సూర్యుడు దక్షిణంగా ప్రయాణిస్తాడు. గోడకు ఉత్తరం వైపున ఉన్న కుండీలకు ఈ కాలంలో ఎండ అందదు. వాటిని తూర్పు లేదా దక్షిణం వైపునకు మార్చాలి.

తులసి

మనం క్షీరాబ్ది ద్వాదశి అనే పండుగను కన్నడిగులు ఉత్థాన ద్వాదశిగా జరుపుకొంటారు. పూజలో పాలు, పసుపు, కుంకుమలను మొదట్లో పోయక, పక్కన పళ్ళెంలో సమర్పించడం మేలు. వెన్నులు ముదరక ముందే తుంచితే మొక్క బలం చిగుళ్ళకు చేరుతుంది. కొన్ని వెన్నులను విత్తనానికి విడిచిపెట్టాలి.

మరువం, దవనం

ఈ రెండింటినీ ఒకే తీరున చూడరాదు. మరువం బహువార్షికం, దానికి చలికాలమే అనుకూలం, వేసవియే గండం. ఇప్పుడే లేత కొమ్మలను వేరే కుండీలో నాటి వేళ్ళు పట్టించుకోవాలి. దవనం ఒక్క కాలపు పంట. నవంబరులో విత్తితే ఫిబ్రవరి, మార్చి నెలలలో కోతకు వస్తుంది. పూచి ఎండిపోవడం దాని స్వభావమే గాని మన లోపం కాదు. విత్తనం పాతబడితే మొలక తగ్గుతుంది కనుక ఏటా కొత్తది సేకరించాలి.

ఇతర మొక్కలు

వామాకు తన మందపాటి ఆకులలోనే నీటిని నిలువ చేసుకొంటుంది. దానికి అన్నిటికంటె తక్కువ నీరు చాలు. నిమ్మగడ్డి దుబ్బును జానెడు ఎత్తు ఉంచి కోసి, చలి తగ్గిన తరువాత విడదీసి నాటాలి. సంక్రాంతి వరకు ఎరువు వేయనవసరం లేదు.

పారవేయక ముందు

ఆకులన్నీ రాలినంత మాత్రాన మొక్క చనిపోయినట్లు కాదు. కాండాన్ని గోటితో కొద్దిగా గీకి చూడండి. లోపల పచ్చదనం కనిపిస్తే వేరు జీవించి ఉండవచ్చు. ఎండిన కొనలను కత్తిరించి, నీరు తగ్గించి, ఉగాది వరకు వేచి చూడండి.