పరదేశయానము: స్వేచ్ఛయు, సంకెలయు

నెల్లూరు తీరపు పల్లెలలో కువైటు పేరు విననివారు అరుదు. కడప, చిత్తూరు ప్రాంతముల వలెనే ఈ జిల్లానుండియు స్త్రీ పురుషులు పెక్కుమంది గల్ఫు దేశములకు పోవుచున్నారు. వీరిలో చాలమందిని ఏ ప్రభుత్వమును పంపలేదు. ఏ సంస్థయు బదిలీ చేయలేదు. అప్పటికే అచ్చట నున్న చుట్టమునో, ఊరివానినో నమ్ముకొని, ఖర్చంతయు తామే పెట్టుకొని, తమంత తాముగా బయలుదేరుచున్నారు. ఏల? బీదతనమని ఒక్క మాటలో చెప్పుట సులభము. కాని అది సగము సమాధానము మాత్రమే.

కటిక దరిద్రుడు సముద్రము దాటలేడు. పాస్‌పోర్టునకు, వీసాకు, విమానపు టిక్కెట్టునకు వలయు సొమ్ము అప్పుగానైనను పుట్టవలెను. కావున వెళ్లువారు ఏమియు లేనివారు కారు. ఉన్నది నిలుచునను నమ్మకము లేనివారు. ఈ తీరమున ఆదాయమునకు నిలుకడ తక్కువ. ఏటేట ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు మరపడవల వేటకు నిషేధము. 1989 నవంబరులో కావలి సమీపమున తీరము దాటిన పెనుతుపాను ఊళ్లను కకావికలు చేసెను. సిరుల పంటగా వచ్చిన రొయ్యల సాగును 1994 నుండి తెల్లమచ్చ తెగులు దెబ్బతీసెను. చెరువులు త్రవ్వినవారికి బాకీలు మిగిలెను. ఇట్టిచోట నెల తిరుగగనే చేతికి వచ్చు జీతము, చిన్నదైనను, పెద్ద ఆకర్షణ. ఆడపిల్ల పెండ్లి, పాత అప్పు, పక్కా ఇల్లు దానితోనే ముడిపడి యున్నవి. పొరుగువారు కట్టుకొన్న మిద్దె ఏ ఏజెంటు మాటకన్నను గట్టిగా పిలుచును.

పొట్టకూటికై కడలి దాటుట తెలుగువారికి క్రొత్త కాదు. బ్రిటిషు వలసరాజ్యములలో బానిసత్వము రద్దయిన పిమ్మట, 1834 నుండి మారిషస్‌నకును, 1860 నుండి దక్షిణాఫ్రికాలోని నేటాలునకును ఒప్పందపు కూలీలు తరలిరి. వారిలో తెలుగువారును కలరు. పత్రముపై వేలిముద్ర వేసి, పెక్కుచోట్ల అయిదేండ్లు ఒకే యజమానికి కట్టుబడి యుండిరి. బర్మా వలస వేరు. అచ్చటికి అట్టి పత్రము అక్కరలేదు. స్టీమరు ఛార్జీ యున్నవాడు రంగూనులో దిగవచ్చును. ఉత్తర కోస్తానుండి వేలకొలది జనము అట్లు వెళ్లిరి. ఐనను పలువురకు ఆ ఛార్జీ మేస్త్రీ ఇచ్చిన బయానాయే. అది తీరువరకు వాని చెప్పుచేతలలో నుండవలసినదే. పత్రము లేకున్నను అప్పే సంకెల యయ్యెను.

నేటి 'ఆజాద్ వీసా'తో ఆ సంకెల రూపు మార్చుకొనినది. ఆజాద్ అనగా స్వేచ్ఛ గలది. ఒకని పేర వీసా కొని, నచ్చినచోట పని చేసికొనవచ్చునని దళారులు చెప్పుదురు. కువైటు చట్టమున అట్టి వీసా లేనే లేదు. వీసా ఇచ్చిన యజమానియే, అనగా కఫీలే, కార్మికుని నివాసమునకు పూచీదారు. వేరొకచోట పని చేయుచు పట్టుబడినవాడు నేరస్థుడగును. జీతము ఎగవేసినవానిపై ఫిర్యాదు చేయుటకును జంకును. ఇంటి పనివారికి రోజునకు 12 గంటలకు మించని పని, వారమునకొక దినము సెలవు ఉండవలెనని కువైటు 2015లో 68వ చట్టము చేసెను. చాటుగా పని చేయువారికి ఆ నీడ అందుట దుర్లభము.

ఇచ్చట బడికిని ఒక పాత్ర కలదు. 1983 నాటి భారత వలసల చట్టము క్రింది కట్టడి ప్రకారము, పదవ తరగతి ఉత్తీర్ణులు కానివారు గల్ఫు దేశములకు పనికి పోవలెనన్న, సాధారణముగా వలసదారుల సంరక్షణాధికారి అనుమతి పొందవలెను. వారిలో స్త్రీలకు 30 ఏండ్లు నిండవలెను. పది గట్టెక్కినవారికి ఆ అనుమతి అక్కరలేదు. అనగా బడి ఇచ్చు కాగితము వారిని స్వతంత్రులను చేయుచున్నది. అదే కాగితము వారి ఒప్పందమును పరిశీలించు అధికారిని తప్పించుచున్నది. ఇక దానిని చదువుకొనవలసినవారు వారే.

వెళ్లవద్దనుటకు ఎవ్వరికిని హక్కు లేదు. వీసాపై నున్న పేరెవరిది, జీతమెంత, పని గంటలెన్ని, సెలవెప్పుడు, పాస్‌పోర్టు ఎవరి చేతిలో నుండును, ఈ అయిదు ప్రశ్నలు తరగతి గదిలో ఒక్క గంట చర్చించిన చాలును. నాటి కూలీ చదువ రాక వేలిముద్ర వేసెను. నేటి యువకుడు చదువ వచ్చియు చదువక సంతకము చేసినచో, వాని పది తరగతుల చదువు వానిని ఎంతవరకు కాపాడినట్లు?