ఫోన్‌లో రేటు, యార్డులో బేరం

ఖమ్మం మిర్చి యార్డు నుంచి గోదావరి అవతలి ఏజెన్సీ ఊళ్ల దాకా ఇప్పుడు చాలా పనులకు ఫోనే దారి. దాని వెంట కొన్ని గట్టి నమ్మకాలూ బయల్దేరాయి. వాటిలో నాలుగింటిని సరిచూద్దాం.

అపోహ 1: వాట్సాప్‌లో వచ్చిన రేటే రైతుకు దక్కుతుంది.

వాస్తవం: యార్డులో జెండా పాట (వేలం) ముగిసిన నిమిషాల్లోనే ఆ రేటు ఊరూరా తెలిసిపోతుంది. కానీ అది ఆ రోజు వచ్చిన సరుకులో మేలైనదానికి పలికిన ధర. మిగతా బస్తాల దగ్గర వ్యాపారి గుప్పెడు కాయలు తీసి, నలిపి తేమ చూస్తాడు. రంగు చూస్తాడు. తాలు ఎంతుందో ఏరి చూపిస్తాడు. రేటు తెగ్గోసేది అక్కడే. కేంద్రం 2016 ఏప్రిల్‌లో ఆన్‌లైన్ జాతీయ వ్యవసాయ మార్కెట్ ఈ-నామ్‌ను ప్రారంభించింది. ఏడాది తిరిగేసరికి, 2017 ఏప్రిల్‌లో, ధర కుప్పకూలి ఇదే యార్డులో రైతులు తిరగబడ్డారు. ధర తెలియడం వేరు, గిట్టుబాటు కావడం వేరు. ఫోన్‌తో దక్కిన మేలల్లా ఒకటే: గుంటూరు, వరంగల్ రేట్లతో పోల్చుకుని, సరుకు అమ్మాలా, కోల్డ్ స్టోరేజీలో పెట్టాలా అన్నది లోడు ఎత్తకముందే తేల్చుకోవచ్చు.

అపోహ 2: కంప్యూటర్ వచ్చాక కాగితానికి కాలం చెల్లింది.

వాస్తవం: కాగితం లేని ఆఫీసు వస్తుందని అమెరికాలో 1975లోనే జోస్యం చెప్పారు. ఆ తర్వాత నాలుగేళ్లకు భద్రాచలానికి ఎదురుగా, సారపాకలో కాగితం మిల్లు మొదలైంది. ఇప్పుడది ఐటీసీది, నేటికీ నడుస్తోంది. రాసే కాగితంతో పాటు మందులు, తినుబండారాల పెట్టెలకు వాడే అట్ట అక్కడ తయారవుతుంది. వస్తువును ఫోన్‌లో కొన్నా అది పెట్టెలోనే కదా రావాలి! చుట్టుపక్కల చేలల్లో జామాయిల్, సుబాబుల్ పెరగడానికి ఈ మిల్లే పెద్ద కారణం.

అపోహ 3: ఆన్‌లైన్ వల్ల ఆచారం పలచబడుతుంది.

వాస్తవం: భద్రాద్రి రామయ్య కల్యాణ తలంబ్రాలను ఆర్టీసీ కార్గో ఇంటికే చేరుస్తోంది. 2023లో ఒక్కో ప్యాకెట్‌కు 116 రూపాయలు తీసుకుంది. బుకింగ్, రవాణా మారాయి గాని, తయారీ మారలేదు. వడ్లను గోటితో ఒలిచి రాముడికి సమర్పించే భక్తులు ఇప్పటికీ ఉన్నారు. హోలీ పున్నమి నాడు ఆలయంలో తలంబ్రాలు కలిపే ఆచారమూ సాగుతోంది. భద్రాచలం రాలేని వారికి ప్రసాదం అందే దారి ఒకటి పెరిగింది, అంతే.

అపోహ 4: వీడియో తీస్తే కళ బతికినట్టే.

వాస్తవం: మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య కంచుమేళం, కంచుతాళం కళాకారుడు. కోయల వీరగాథలు, సమ్మక్క-సారలమ్మ కథ ఆయనకు నోటికొచ్చు. 2022లో పద్మశ్రీ వరించింది, 2024 జూన్‌లో కన్నుమూశారు. రికార్డు చేసిన గొంతు ఎన్నేళ్లయినా వినిపిస్తుంది. అయితే ఏ ఇంటిపేరు వారి దగ్గర ఏ కథ ఎత్తుకోవాలి, ఎక్కడ ఆపి తాళం వేయాలి అన్నది గురువు పక్కన కూర్చుంటేనే పట్టుబడుతుంది. కెమెరాకు పెట్టే ఖర్చులో కొంతైనా నేర్చుకునే కుర్రాళ్లకు భృతిగా ఇస్తే, ఆ వీడియోలు వాళ్లకు పాఠాలుగా పనికొస్తాయి.