సొంత హాలు చాలని జట్టు

కొలోన్ నగరానికి తూర్పున సుమారు 50 కిలోమీటర్ల దూరంలో, కొండలూ అడవుల నడుమ గుమ్మర్స్‌బాఖ్ అనే ఊరుంది. జనాభా అటూ ఇటుగా 50 వేలు. మన లెక్కలో ఓ మోస్తరు మున్సిపాలిటీ. తత్త్వశాస్త్రం చదివినవాళ్ళకు యూర్గెన్ హాబర్‌మాస్ పెరిగిన ఊరుగా తెలిసి ఉండొచ్చు. జర్మనీలో బస్సెక్కే సామాన్యుడికి మాత్రం ఆ పేరు వినగానే గుర్తొచ్చేది హ్యాండ్‌బాల్. ఈ ఊరి క్లబ్బు వీఎఫ్ఎల్ గుమ్మర్స్‌బాఖ్ 12 సార్లు జాతీయ విజేత. జర్మన్ కప్పు 5 సార్లు గెలిచింది. ఖండంలోని విజేతలంతా తలపడే యూరోపియన్ కప్పు మరో 5 సార్లు. కప్ విన్నర్స్ కప్పు 4, ఈహెచ్ఎఫ్ కప్పు 2, సూపర్ కప్పు 2. కూడితే 30.

విచిత్రమేమిటంటే ఇన్ని కప్పులు గెలిచిన జట్టుకు చాలాకాలం సొంత ఊళ్ళో సరైన హాలు లేదు. ఉన్న ఒక్క హాల్లో రెండు వేల పైచిలుకు మంది పట్టేవారు. యూరప్ స్థాయి మ్యాచ్ వచ్చిందంటే సరంజామా సర్దుకుని డోర్ట్‌మండ్‌లోని వెస్ట్‌ఫాలెన్ హాలుకు పోవాల్సి వచ్చేది. అక్కడ పది వేల మందికి తగ్గకుండా వచ్చేవారు. అంటే ఊరి జనాభాలో అయిదో వంతు మంది ఒకే కప్పు కింద!

ఆట తెలియనివాళ్ళకు రెండు ముక్కలు. కబడ్డీలో లాగే జట్టుకు ఏడుగురు. 40 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పున్న ఇండోర్ కోర్టు. అరగంట చొప్పున రెండు భాగాలు. గోలు 3 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల ఎత్తు. దాని ముందు 6 మీటర్ల గీత లోపల గోల్‌కీపర్ తప్ప ఎవరూ కాలు మోపకూడదు. అందుకే ఆటగాళ్ళు గీత బయట నుంచి ఎగిరి, గాల్లో ఉండగానే బంతి విసురుతారు. ఇప్పుడు ఒక్కో జట్టు 30 గోళ్ళు కొట్టడం మామూలు. ఈ కథలోని పాత స్కోర్లు 17-13, 17-16 అంటూ కనిపిస్తే ఆశ్చర్యపోవద్దు, అప్పటి ఆట వేగం అంతే.

1861లో పుట్టి, 1923లో బంతి పట్టి

క్లబ్బు పుట్టింది 1861లో, వ్యాయామశాలగా. హ్యాండ్‌బాల్ విభాగం 1923లో వచ్చింది. ఆ రోజుల్లో ఈ ఆటను గడ్డి మైదానంలో జట్టుకు 11 మంది చొప్పున ఆడేవారు. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో ఆడింది కూడా ఆ రకమే. ఏడుగురి ఇండోర్ ఆట ఒలింపిక్స్‌లో అడుగు పెట్టింది 1972 మ్యూనిక్‌లో. గుమ్మర్స్‌బాఖ్ అప్పటికే ఇండోర్ ఆటలో ఆరితేరి ఉంది. 1966లో తొలి జాతీయ టైటిల్ గెలిచింది. అదే ఏడాది మొదలైన జాతీయ లీగు బుండెస్‌లీగాలో తొలి సీజన్ విజేత కూడా తనే. అదే ఊపులో 1967 యూరోపియన్ కప్పు ఫైనల్లో చెకోస్లొవేకియా సైనిక జట్టు దుక్లా ప్రాగ్‌ను 17-13తో ఓడించింది.

పన్నెండు జాతీయ టైటిళ్ళలో మొదటిది 1966, చివరిది 1991. అన్నీ పాతికేళ్ళలోనే. 1973 నుంచి 1976 దాకా వరుసగా నాలుగేళ్ళు ఇంకెవరికీ దక్కనివ్వలేదు. 1983 అయితే సంక్రాంతి, దసరా కలిసొచ్చినట్టే: లీగు, జర్మన్ కప్పు, యూరోపియన్ కప్పు, సూపర్ కప్పు, నాలుగూ ఇంటికి. ఆ 12 టైటిళ్ళ రికార్డును 2006లో మరో జర్మన్ క్లబ్బు కీల్ అందుకుంది, 2007లో దాటేసింది. కీల్ టైటిళ్ళు ఇప్పుడు ఇరవై దాటిపోయాయి కాబట్టి ఆ పోటీ ముగిసినట్టే. యూరోపియన్ కప్పుల సంగతి వేరు. అయిదు కప్పుల రికార్డు 2000లో బార్సిలోనా ఆరోది గెలిచేదాకా చెక్కుచెదరలేదు. జర్మన్ క్లబ్బుల్లో అయితే మాగ్డెబర్గ్ వచ్చి సమం చేసేసరికి 2025 అయింది.

పారిపోయి వచ్చిన లెఫ్టినెంట్

హాన్సీ ష్మిట్ 1942లో రొమేనియాలోని బనాత్ ప్రాంతంలో, జర్మన్ మాట్లాడే కుటుంబంలో పుట్టాడు. ఎత్తు 1.96 మీటర్లు. బుకారెస్ట్‌లోని సైనిక క్లబ్బు స్టెయావాకు ఆడేవాడు. సైనిక క్లబ్బు కాబట్టి హోదా కూడా సైన్యానిదే. 1963లో రొమేనియా జట్టుతో పశ్చిమ జర్మనీకి వచ్చినప్పుడు ఇక తిరిగి వెళ్ళలేదు. కమ్యూనిస్టు దేశంలో అది ఆటగాడి బదిలీ కాదు, సైన్యం నుంచి పారిపోవడం. అతని పరోక్షంలోనే అక్కడి కోర్టు శిక్ష వేసింది. గుమ్మర్స్‌బాఖ్ అక్కున చేర్చుకుంది.

అతని షాట్ గురించి పాతతరం ఇప్పటికీ చెప్పుకుంటుంది. అందరూ ఎగరగానే విసురుతారు. ఇతను ఎగిరి, అడ్డుకునే చేతులు కిందికి దిగేదాకా ఆగి, అప్పుడు విసిరేవాడు. 1960ల చివర్లో బుండెస్‌లీగా గోళ్ళ పట్టికలో వరుసగా అతనే పైన. ఇక 1971 యూరోపియన్ కప్పు ఫైనల్లో గుమ్మర్స్‌బాఖ్‌కు ఎదురుపడింది ఎవరనుకున్నారు? స్టెయావానే! ఒక్క గోలు తేడాతో, 17-16తో, ష్మిట్ కొత్త ఊరు అతని పాత క్లబ్బును ఓడించింది. కల్పిత కథలో రాస్తే నమ్మశక్యంగా లేదని సంపాదకులు కొట్టేసే మలుపు ఇది. ష్మిట్ 2023 ఫిబ్రవరిలో, 80 ఏళ్ళ వయసులో కన్నుమూశాడు.

131 రోజులు

ఈ క్లబ్బు గురించి ఎవరు రాసినా ఒక తేదీ దగ్గర కలం ఆగుతుంది: 1979 మార్చి 30.

యోఆఖిమ్ డెకార్మ్‌కు అప్పుడు 25 ఏళ్ళు. సార్‌బ్రుకెన్ కుర్రాడు, గణితం చదివినవాడు. జాతీయ జట్టుకు 104 మ్యాచుల్లో 381 గోళ్ళు, అంటే మ్యాచ్‌కు సగటున మూడున్నరకు పైనే. ఏడాది కిందటే, 1978లో, కోపెన్‌హాగన్‌లో సోవియట్ యూనియన్‌ను 20-19తో ఓడించి పశ్చిమ జర్మనీ ప్రపంచ విజేత అయింది. ఆ జట్టులో గుమ్మర్స్‌బాఖ్ వాళ్ళు డెకార్మ్, హైనర్ బ్రాండ్, ఎర్హార్డ్ వుండర్లిఖ్ ఉన్నారు. ప్రపంచంలో ఇతనికి మించిన ఆటగాడు లేడని చాలామంది అనుకునే సమయం.

ఆ రోజు హంగరీలోని టాటాబాన్యాలో కప్ విన్నర్స్ కప్పు సెమీఫైనల్ రెండో మ్యాచ్. డెకార్మ్ బంతితో దూసుకుపోతూ ప్రత్యర్థి ఆటగాడిని ఢీకొన్నాడు. అందులో దురుద్దేశం ఏమీ లేదు, ఇద్దరూ పరుగులో ఉన్నారు. స్పృహ తప్పి పడిపోతున్నవాడు చెయ్యి అడ్డుపెట్టుకోలేడు కదా, తల నేరుగా నేలకు తగిలింది. ఆ నేల కాంక్రీటు. పైన పల్చటి ప్లాస్టిక్ పొర తప్ప ఇంకేమీ లేదు. 131 రోజులు కోమాలో ఉన్నాడు.

కళ్ళు తెరిచాక నడక, మాట, అన్నీ మొదటి నుంచి నేర్చుకోవాల్సి వచ్చింది. చిన్నప్పుడు ఆట నేర్పిన కోచ్ ముందుకొచ్చి ఏళ్ళ తరబడి కసరత్తు చేయించాడు. మెల్లగా అడుగులు వచ్చాయి, చదరంగం వచ్చింది, చమత్కారం వచ్చింది. ప్రపంచ కప్పు జట్టు సహచరులు అతన్ని వదల్లేదు. అందరికంటే ఎక్కువగా హైనర్ బ్రాండ్. 2013లో జర్మన్ క్రీడా కీర్తి మందిరంలో డెకార్మ్‌కు చోటు దక్కింది. 2018లో నివాసం కోసం మళ్ళీ గుమ్మర్స్‌బాఖ్‌కే వచ్చాడు. అన్నట్టు, 1979 కప్ విన్నర్స్ కప్పు గుమ్మర్స్‌బాఖే గెలిచింది. ఆ ఫైనల్ ఆడినవాళ్ళకు అదెంత సంతోషమిచ్చి ఉంటుందో చెప్పడం కష్టం.

మీసం, మంత్రగాడు, 2.04 మీటర్లు

హైనర్ బ్రాండ్ గుమ్మర్స్‌బాఖ్‌లోనే పుట్టాడు (1952), ఇక్కడే ఆడాడు, ఆటగాడిగా వేరే క్లబ్బు గడప తొక్కలేదు. అన్నలు ఇద్దరూ ఇదే క్లబ్బుకు ఆడినవాళ్ళు. 1978లో ఆటగాడిగా ప్రపంచ విజేత. 2007లో కోచ్‌గా మళ్ళీ. ఈ రెండు గౌరవాలూ దక్కిన మొదటి వ్యక్తి ప్రపంచంలో అతనే. 2007 ఫైనల్ కొలోన్‌లో జరిగింది, సొంత ఊరికి కారులో గంట లోపు ప్రయాణం. పోలండ్‌పై 29-24తో గెలిచాక జర్మన్ ఆటగాళ్ళంతా కోచ్ గారి గుబురు మీసం లాంటి నకిలీ మీసాలు అంటించుకుని కప్పు అందుకున్నారు. మీసానికి ఇంత మర్యాద మన దగ్గర కూడా అరుదే.

ఎర్హార్డ్ వుండర్లిఖ్ ఎత్తు 2.04 మీటర్లు. 1978 ప్రపంచ కప్పు నాటికి వయసు 21. నాలుగు కప్పుల ఏడాది 1983 ముగియకుండానే బార్సిలోనా అతన్ని పట్టుకుపోయింది, అప్పట్లో హ్యాండ్‌బాల్‌లో ఎవరూ వినని మొత్తానికి. 1999లో జర్మనీ ‘శతాబ్దపు హ్యాండ్‌బాల్ ఆటగాడి’గా అతన్నే ఎన్నుకున్నారు. 2012లో 55 ఏళ్ళకే పోయాడు.

గోల్‌కీపర్ ఆండ్రెయాస్ టీల్‌ను అభిమానులు ‘మంత్రగాడు’ అనేవారు. 1979 నుంచి 1991 వరకు ఇక్కడ గోలు కాశాడు. ఏడు సార్లు జర్మనీ ఉత్తమ ఆటగాడు. వృత్తి? న్యాయవాది. అడ్డుపడటం రెండు చోట్లా పనికొచ్చిందేమో.

2,905 గోళ్ళు, ఒక్క కప్పూ లేదు

1996లో దక్షిణ కొరియా నుంచి 2.03 మీటర్ల యూన్ క్యుంగ్-షిన్ వచ్చాడు. తర్వాతి పదేళ్ళలో ఈ క్లబ్బు రికార్డులన్నీ అతని చుట్టూనే తిరిగాయి. 2000-01 సీజన్‌లో 38 మ్యాచుల్లో 324 గోళ్ళు, సగటున మ్యాచ్‌కు ఎనిమిదిన్నర. ఏడు సార్లు బుండెస్‌లీగా టాప్ స్కోరర్, అందులో ఆరు ఇక్కడే. 2001లో అంతర్జాతీయ సమాఖ్య ప్రపంచ ఉత్తమ ఆటగాడిగా ప్రకటించింది. లీగులో మొత్తం 2,905 గోళ్ళు. డెన్మార్క్‌కు చెందిన హాన్స్ లిండ్‌బెర్గ్ వచ్చి దాటేదాకా చాలా ఏళ్ళపాటు అదే శిఖరం. 2012 లండన్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో కొరియా జెండా పట్టుకుని నడిచిందీ యూనే.

ఆ పదేళ్ళలో గుమ్మర్స్‌బాఖ్ గెలిచిన కప్పులు ఎన్ని? సున్నా. 2006లో యూన్ హాంబర్గ్‌కు మారాడు, మొదటి సీజన్‌లోనే అక్కడ కప్ విన్నర్స్ కప్పు చేతికొచ్చింది. ఇటు అతను లేని గుమ్మర్స్‌బాఖ్ 2009లో ఈహెచ్ఎఫ్ కప్పు, 2010లోనూ 2011లోనూ కప్ విన్నర్స్ కప్పు గెలిచింది. గోళ్ళ పట్టికకూ కప్పుల అల్మారాకూ పెద్దగా చుట్టరికం లేదని చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ తెలియదు.

హాలు వచ్చింది, లీగు పోయింది

2000లలో పెద్ద మ్యాచులకు డోర్ట్‌మండ్ బదులు కొలోన్ అరీనా వేదికైంది. దాదాపు 19 వేల మంది పట్టే చోటు. పరాయి ఊళ్ళో అంతమంది ముందు ఆడటం గొప్పే కానీ, అద్దె ఇల్లు అద్దె ఇల్లే. చివరికి 2013లో సొంత ఊళ్ళో కొత్త హాలు లేచింది, స్టైన్‌ముల్లర్ బాయిలర్ల కర్మాగారం ఉన్న పాత స్థలంలో. పక్క ఊరి సైకిల్ టైర్ల కంపెనీ బ్రాండు పేరుతో దానికి ష్వాల్బె అరీనా అని పెట్టారు. 4,132 మంది పడతారు. యూరప్ విజేతగా ఉన్న రోజుల్లో రావాల్సిన హాలు. అది తెరిచేసరికి చివరి కప్పు గెలిచి రెండేళ్ళయింది.

ఇంతకీ నా దృష్టిలో ఈ క్లబ్బు అసలు రికార్డు కప్పుల్లో లేదు. 1966లో బుండెస్‌లీగాను ప్రారంభించిన క్లబ్బుల్లో ఒక్కసారి కూడా కింది లీగుకు దిగనిది చివరికి గుమ్మర్స్‌బాఖ్ ఒక్కటే మిగిలింది. మిగతావి ఒక్కొక్కటే జారిపోయాయి. కీల్ లాంటి మహా క్లబ్బుకూ ఆ గౌరవం లేదు. 53 ఏళ్ళు. 2019 జూన్‌లో సీజన్ చివరి రోజున బీటిగ్‌హైమ్‌లో, తమలాగే పడిపోయే ప్రమాదంలో ఉన్న జట్టుతో మ్యాచ్ డ్రా అయింది. రెండు జట్లూ కలిసే కిందికి దిగాయి. డ్రాతో ఎవరికీ లాభం లేని రోజు అది.

మూడేళ్ళు రెండో లీగులో గడిచాయి. 2020లో కోచ్‌గా ఐస్‌లాండ్‌కు చెందిన గుడ్యోన్ వాలుర్ సిగుర్డ్‌సన్‌ను తెచ్చుకున్నారు. కొత్తవాడేం కాదు. 2005 నుంచి 2008 దాకా ఇదే జట్టుకు ఆడి, 2005-06లో 264 గోళ్ళతో బుండెస్‌లీగా టాప్ స్కోరర్ అయినవాడు. దేశం తరఫున అతను కొట్టిన 1,879 గోళ్ళు ప్రపంచ రికార్డు. సుమారు నాలుగు లక్షల జనాభా ఉన్న దేశం నుంచి! 2022లో అతని చేతుల మీదుగా గుమ్మర్స్‌బాఖ్ రెండో లీగు టైటిల్ గెలిచి పైకి వచ్చింది. 2023-24లో ఆరో స్థానం, ఆ మరుసటి సీజన్‌లో యూరోపియన్ లీగు. ఈసారి యూరప్ మ్యాచ్ కోసం సామాను సర్దుకుని డోర్ట్‌మండ్ పోవాల్సిన పని పడలేదు.